ఎక్స్‌వీ6 నమ్మకం, లినక్స్ అనుమానం

కెర్నెల్ ఎలాంటిదో తెలియాలంటే దాని షెడ్యూలర్ చదవమంటారు కొందరు, ఫైల్ సిస్టం చదవమంటారు ఇంకొందరు. నేను దాని మొదటి సెకను చదువుతాను. బూట్ లోడర్ ప్రాసెసర్‌ను కెర్నెల్‌కు అప్పగించినప్పటి నుంచి, మొదటి టైమర్ ఇంటరప్ట్ వచ్చి సవ్యంగా పని ముగించుకుని వెళ్ళేదాకా నడిచే భాగం అది. రాసినవాళ్ళు చేతికొచ్చిన హార్డ్‌వేర్‌ను ఎంత నమ్మారు, ఎంత అనుమానించారు, అనుమానం వచ్చినచోట ఏం చేశారు అన్నది అంతా అక్కడే తెలిసిపోతుంది.

ఇక్కడ పక్కపక్కన పెట్టి చూస్తున్నవి రెండు. ఒకటి ఎక్స్‌వీ6. అమెరికాలోని ఎంఐటీలో ఫ్రాన్స్ కాషూక్, రాబర్ట్ మోరిస్, రస్ కాక్స్ 2006లో విద్యార్థుల కోసం రాసిన చిన్న కెర్నెల్. 1975 నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్‌ను కొత్త ప్రాసెసర్ల మీద తిరగరాశారు. మొత్తం కోడ్ పది వేల లైన్ల లోపే. రెండోది లినక్స్. 1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు, ఇప్పుడు మూడు కోట్ల లైన్లు దాటింది. సైజు చూస్తే ఈ రెంటినీ ఒక చోట కూర్చోబెట్టడమే అన్యాయం అనిపిస్తుంది. కానీ గడియారాలనూ ఇంటరప్ట్‌లనూ సిద్ధం చేసే భాగం రెండింటిలోనూ ఒకే ప్రశ్నకు జవాబు. పరీక్ష ఒకటే కాబట్టి జవాబులు పోల్చవచ్చు.

నరసాపురం వైపు నుంచి ఈ పోలిక చేయడానికి నాకు కారణాలున్నాయి. ఊరి పక్కనే సీతారామపురంలో స్వర్ణాంధ్ర ఇంజనీరింగ్ కాలేజీ, భీమవరంలో 1980 నుంచి ఉన్న ఎస్‌ఆర్‌కేఆర్ కాలేజీ, ఇంకా చుట్టుపక్కల కాలేజీల నుంచి ఏటా ఎందరో పిల్లలు కంప్యూటర్ సైన్స్ చదివి బయటికొస్తున్నారు. ఆపరేటింగ్ సిస్టమ్స్ వాళ్ళకు తప్పనిసరి సబ్జెక్టు. గాల్విన్ పుస్తకంలోని బొమ్మ గీసి, ఇంటరప్ట్ వెక్టర్ నిర్వచనం రాస్తే మార్కులు పడతాయి. ఆ బొమ్మలోని బాణం గుర్తు వెనక నిజంగా నడిచే కోడ్ ఏమిటో చూసే అవకాశం మాత్రం తక్కువ. ఇంకో కారణం, ఈ జిల్లాకు హార్డ్‌వేర్‌తో పాత బంధుత్వం ఉంది. మొగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు, అందరూ ఎ.ఎస్. రావు అనే ఆయన, 1967లో హైదరాబాద్‌లో మొదలైన ఈసీఐఎల్‌కు మొదటి మేనేజింగ్ డైరెక్టర్. ట్రాంబేలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 కంప్యూటర్‌ను 1969 ప్రాంతంలో బయటికి తెచ్చింది ఆ సంస్థే. యంత్రాన్ని అడుగు నుంచి అర్థం చేసుకోవాలన్న పట్టుదల మనకు కొత్తదేమీ కాదు.

ఇక అసలు పాఠాల్లోకి వెళ్దాం.

రెండు కెర్నెళ్ళూ చేసే మొదటి పని ఒకటే: ఇంటరప్ట్‌లను ఆపేయడం. ఎక్స్‌వీ6 పాత ఎక్స్86 రూపంలో బూట్ అసెంబ్లీ ఫైలు మొదటి ఆజ్ఞ అదే. లినక్స్‌లో స్టార్ట్ కెర్నెల్ అనే పెద్ద ఫంక్షన్ కూడా మొదట్లోనే ఆ పని చేసి, అవి ఆగి ఉన్నాయని ఒక జెండా వేసి పెట్టుకుంటుంది. ఎందుకు? ఇంటరప్ట్ వచ్చినప్పుడు ప్రాసెసర్ ఒక పట్టిక తెరిచి, ఏ ఫంక్షన్‌కు వెళ్ళాలో చూస్తుంది. పట్టికే లేకపోతే వెళ్ళడానికి చోటుండదు, ఎక్స్86 మీద అది ఒక తప్పు మీద ఇంకో తప్పుగా మారి చివరికి మెషీన్ రీసెట్ అవుతుంది. పట్టిక ఉన్నా సరిపోదు. 1981 నాటి ఐబీఎం పీసీలో టైమర్ ఇంటరప్ట్‌కు 8వ నంబరు ఇచ్చారు. 0 నుంచి 31 దాకా నంబర్లు తన లోపాల కోసం దాచుకున్నానని ఇంటెల్ ముందే చెప్పింది. ప్రొటెక్టెడ్ మోడ్‌లో 8 అంటే డబుల్ ఫాల్ట్. అంటే నంబర్లు మార్చకుండా ఇంటరప్ట్‌లు వదిలితే, గడియారం మామూలుగా కొట్టిన దెబ్బ కూడా కెర్నెల్‌కు ఘోర ప్రమాదంలా వినిపిస్తుంది. అందుకే ఎక్స్‌వీ6 టైమర్‌ను 32కు జరిపింది, లినక్స్ పాత పీసీ ఇంటరప్ట్‌లను 48 నుంచి మొదలుపెట్టింది.

ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్ళు వదిలే ముందు డెల్టాలో పూడిక తీస్తారు, గట్లు చూస్తారు, తూముల షట్టర్లు సరిచేస్తారు. నీళ్ళు వచ్చాక గండి పూడ్చడం ఎంత కష్టమో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. కెర్నెల్ ప్రారంభంలో వరస అంటే అదే క్రమశిక్షణ. మెమరీ, పట్టికలు, తాళాలు, కంట్రోలర్ అన్నీ కుదిరాకే ఇంటరప్ట్‌లు వదలాలి.

ఈ వరసను ఎక్స్‌వీ6 ఎంత శుభ్రంగా చూపిస్తుందో చెప్పి తీరాలి. ఎక్స్86 రూపంలో మెయిన్ ఫంక్షన్ ఒక్క పేజీ. మెమరీ, పేజీ టేబుల్, ఎన్ని ప్రాసెసర్లున్నాయో కనుక్కోవడం, ఒక్కో ప్రాసెసర్‌కు సొంతమైన ఇంటరప్ట్ కంట్రోలర్ లోకల్ ఏపిక్‌ను సిద్ధం చేయడం, పాత 8259 ఇంటరప్ట్ కంట్రోలర్ నోరు మూయించడం, పరికరాల ఇంటరప్ట్‌లను ప్రాసెసర్లకు చేర్చే ఐఓ ఏపిక్, కన్సోల్, ట్రాప్ పట్టిక, డిస్క్, చివర మొదటి ప్రాసెస్. ఒక్కో పనికి ఒక్కో లైను. ఇంటరప్ట్‌లను తిరిగి వదిలే ఆజ్ఞ మెయిన్‌లో ఎక్కడా కనిపించదు. షెడ్యూలర్ లూప్ లోపల ఉంది. కొత్త పాఠకుడు మొదటిసారి దాన్ని వెతుక్కోవాలి. వెతికి పట్టుకున్నాక అర్థమవుతుంది, నడపడానికి ప్రాసెస్‌లు, వాటిని మార్చే యంత్రాంగం సిద్ధమైన క్షణం దాకా ఇంటరప్ట్‌తో ఈ కెర్నెల్‌కు పనే లేదని. రచనగా చూస్తే ఇది గొప్ప నిర్ణయం. ఎప్పుడు అవసరమో అప్పుడే, ఎక్కడ అవసరమో అక్కడే.

టైమర్ దగ్గరికి వచ్చేసరికి ఆ శుభ్రతకు చెల్లించిన మూల్యం కనిపిస్తుంది. లోకల్ ఏపిక్ టైమర్‌లో ఎక్స్‌వీ6 రాసే సంఖ్య కోటి. ప్రాసెసర్ బస్ వేగంతో కోటి నుంచి సున్నాకు లెక్కపెట్టి ఇంటరప్ట్ ఇవ్వు, మళ్ళీ మొదలుపెట్టు, అంతే. క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో అది సెకనుకు సుమారు 100 దెబ్బలవుతుంది. బస్ 10 కోట్ల హెర్ట్జ్‌తో నడిచే అసలు మెషీన్‌లో 10 దెబ్బలే. మరో మెషీన్‌లో మరోటి. సమయం కచ్చితంగా కావాలనుకుని ఉంటే ఈ సంఖ్యను బయటి గడియారంతో సరిచూసి పెట్టేవాళ్ళమని అక్కడే కామెంట్‌లో రచయితలు ఒప్పుకున్నారు. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది. కానీ ఒప్పుకున్నంత మాత్రాన లోటు తీరదు. ఈ కెర్నెల్‌లో ఒక టిక్ అంటే ఎంతసేపు అన్న ప్రశ్నకు కోడ్‌లో జవాబు లేదు.

2019లో ఎంఐటీ కోర్సు రిస్క్-ఫైవ్ ప్రాసెసర్‌కు మారింది, ఎక్స్‌వీ6 కూడా మారింది. ఇప్పుడు మెషీన్ మోడ్‌లో మొదలై, ఇంటరప్ట్‌లను సూపర్‌వైజర్ మోడ్‌కు అప్పగించి, టైమర్‌ను పెట్టి, ఆ తర్వాత మెయిన్‌లోకి దూకుతుంది. టైమర్ పెట్టడమంటే ఇప్పుడెంత అయిందో చదివి, దానికి పది లక్షలు కలిపి, ఆ సంఖ్యకు చేరినప్పుడు లేపమని చెప్పడం. క్యూఈఎంయూలో గడియారం కోటి హెర్ట్జ్ కాబట్టి అది సెకనులో పదో వంతు. మళ్ళీ అదే నమ్మకం. బోర్డు మారితే పది లక్షల అర్థం మారుతుంది. గడియారం వేగం ఎంతో డివైస్ ట్రీ అనే హార్డ్‌వేర్ వివరాల పట్టికలో రాసి ఉంటుంది, లినక్స్ దాన్ని చదువుతుంది, లేకపోతే ముందుకు సాగనంటుంది. ఎక్స్‌వీ6 ఆ పట్టిక వైపే చూడదు.

దీని తాతగారైన యూనిక్స్ ఆరో ఎడిషన్ అలా లేదన్నది నాకు ఆసక్తిగా ఉంటుంది. పీడీపీ-11 మీద నడిచే ఆ కెర్నెల్ మెయిన్ ఫంక్షన్‌లో, ఫలానా చిరునామాలో గడియారం ఉందా అని చూస్తుంది. లేకపోతే రెండో చిరునామాలో చూస్తుంది. అక్కడా లేకపోతే గడియారం లేదని చెప్పి ప్యానిక్ అయి ఆగిపోతుంది. రెండే రెండు చిరునామాలు, అయినా అనుమానం అనుమానమే. అదే కెర్నెల్ ఇంకో విషయంలో గుడ్డిగా నమ్మింది. ఆ మెషీన్లలో ఒక రకం గడియారం గోడ ప్లగ్గులోని కరెంటు ఊగిసలాటనే లెక్కపెట్టేది. అమెరికాలో సెకనుకు 60 కాబట్టి కోడ్‌లోనూ 60 అని రాసేశారు. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ కోడ్‌ను మార్చకుండా ఇక్కడ ప్లగ్గు పెడితే, గంట గడిచేసరికి మెషీన్ గడియారంలో 50 నిమిషాలే గడుస్తాయి. రాసినవాళ్ళ ఊరు కోడ్‌లోకి ఎలా దిగిపోతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఎక్స్‌వీ6లోని కోటి, పది లక్షలు కూడా అలాంటివే. వాటి ఊరు క్యూఈఎంయూ.

లినక్స్‌లోకి వస్తే వాతావరణమే వేరు. స్టార్ట్ కెర్నెల్ ఫంక్షన్ పొడుగాటి పిలుపుల జాబితా. మనకు కావలసిన భాగం మధ్యలో ఉంది. ట్రాప్ పట్టిక, షెడ్యూలర్ అయ్యాక ఇంటరప్ట్ వివరాల పుస్తకం సిద్ధమవుతుంది, తర్వాత కంట్రోలర్, తర్వాత టిక్ యంత్రాంగం, మామూలు టైమర్లు, హై రిజల్యూషన్ టైమర్లు, సాఫ్ట్ ఇంటరప్ట్‌లు, కాలాన్ని లెక్కగట్టే భాగం, చివర ఆయా ప్రాసెసర్‌కు సొంతమైన టైమ్ ఇనిట్. ఇదంతా అయ్యేదాకా ఇంటరప్ట్‌లు ఆగే ఉండాలి. ఉన్నాయా అని లినక్స్ చూసుకుంటుంది. మధ్యలో ఎవరో పొరపాటున వదిలేసి ఉంటే, ముందే తెరిచేశారని హెచ్చరిక అచ్చువేస్తుంది. తను రాసుకున్న కోడ్ మీద కూడా దానికి అనుమానమే. ఆ తర్వాత ఒక్క లైనులో ఇంటరప్ట్‌లు వదులుతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది, చాలామంది దాటేసి పోతారు. ఎక్స్86 మీద టైమ్ ఇనిట్ దాదాపు ఏమీ చేయదు. తర్వాత చేయాల్సిన పనికి గుర్తు పెట్టి వెళ్ళిపోతుంది. అసలు టైమర్ హార్డ్‌వేర్‌ను లేపేది ఇంటరప్ట్‌లు వదిలాక, కన్సోల్ వచ్చాక, ఆలస్యంగా పిలిచే ఇంకో ఫంక్షన్‌లో. హెచ్‌పీఈటీ అనే టైమర్ ఉంటే అది, లేకపోతే పాత పీసీ టైమర్ పిట్, ఆ తర్వాత ప్రాసెసర్ లోపలే నడిచే లెక్క టీఎస్‌సీ. ముందు గడియారం, తర్వాత ఇంటరప్ట్‌లు అని ఎక్స్‌వీ6 నేర్పిన వరస ఇక్కడ తలకిందులైనట్టు కనిపిస్తుంది. నిజానికి తలకిందులు కాలేదు. గడియారానికి కావలసిన సాఫ్ట్‌వేర్ ముందే సిద్ధమైంది, వాయిదా పడింది హార్డ్‌వేర్‌ను వెతకడం. ఆ వెతకడానికి మెమరీ మ్యాపింగ్‌ల లాంటి సౌకర్యాలు కావాలి, అవి అప్పటికిగానీ పూర్తిగా రావు. కానీ ఈ కారణం కోడ్‌లో ఒక చోట కూర్చుని చదివితే దొరకదు. నాలుగైదు ఫైళ్ళు తిరగాలి. ఎక్స్86 పనులు ఫంక్షన్ పాయింటర్ల వెనక దాక్కుని ఉంటాయి, ఏ మెషీన్ మీద ఏ ఫంక్షన్ నడుస్తుందో పేజీ చూసి చెప్పలేం. లినక్స్ మీద నా మొదటి ఫిర్యాదు ఇది. అనుమానించే హక్కు దానికుంది, కానీ అనుమానానికి కారణం పాఠకుడికి చెప్పాల్సిన బాధ్యత కూడా ఉంది.

అయినా లినక్స్ ప్రారంభంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అంత అందమైనది కాదు. ఐఓ ఏపిక్ ఫైలులో చెక్ టైమర్ అనే ఫంక్షన్ ఉంది. టైమర్ ఇంటరప్ట్ ఫలానా తీగ మీద వస్తుందని బయోస్ చెప్పింది కదా, లినక్స్ దాన్ని నమ్మదు. ఇంటరప్ట్‌లు వదిలి, కాసేపు ఆగి, జిఫీస్ అనే టిక్‌ల లెక్క నాలుగుకు మించి పెరిగిందా అని చూస్తుంది. పెరగకపోతే బయోస్ తప్పు చెప్పిందని అచ్చువేసి, 8259 గుండా ప్రయత్నిస్తుంది. అదీ కాకపోతే వర్చువల్ వైర్ దారి. అదీ కాకపోతే ఎక్స్‌ట్‌ఇంట్ అనే ఇంకా పాత దారి. అన్నీ విఫలమైతే అప్పుడు ప్యానిక్, వివరాలు పంపమన్న అభ్యర్థనతో సహా. ఈ ఫంక్షన్‌లోని ఒక్కో మెట్టు వెనక ఎక్కడో, ఎవరి టేబుల్ మీదో బూట్ కాకుండా నిలిచిపోయిన మదర్‌బోర్డులున్నాయి. వాటి తయారీదారులు ఎప్పుడో ఆ మోడల్ మానేసి ఉండవచ్చు, కోడ్ మాత్రం మానలేదు. ఎక్స్‌వీ6లో ఇలాంటి ఒక్క వాక్యం కూడా ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. ఎమ్యులేటర్‌లో టైమర్ తీగ ఎప్పుడూ చెప్పిన చోటే ఉంటుంది.

వేగం కొలిచే చోటా అంతే. ఎక్స్‌వీ6 కోటి అని రాసేసిన అదే లోకల్ ఏపిక్ టైమర్‌ను లినక్స్ సెకనులో పదో వంతు సేపు నడిపించి, వేగం ముందే తెలిసిన మరో గడియారంతో పోల్చి, అప్పుడు సంఖ్య తేలుస్తుంది. టీఎస్‌సీ వేగం ప్రాసెసరే చెబితే వింటుంది, చెప్పకపోతే పిట్‌తోనో హెచ్‌పీఈటీతోనో కొలుస్తుంది. పిట్ వేగం 11,93,182 హెర్ట్జ్. అమెరికన్ కలర్ టీవీ సర్క్యూట్ల కోసం చవగ్గా దొరికే స్ఫటికం వేగాన్ని పన్నెండుతో భాగించి పీసీ చేసినవాళ్ళు తెచ్చుకున్న సంఖ్య అది. కొలిచాక కూడా లినక్స్ తృప్తి పడదు. దొరికిన గడియారాలకు మార్కులు వేస్తుంది. టీఎస్‌సీకి 300, హెచ్‌పీఈటీకి 250, ఏసీపీఐ పవర్ మేనేజ్‌మెంట్ టైమర్‌కు 200, పిట్‌కు 110, ఏమీ లేనప్పుడు వాడుకునే జిఫీస్‌కు 1. ఎక్కువ మార్కులున్నదాన్ని ఎంచుకుని, దాని మీద తక్కువ మార్కుల గడియారాన్ని కాపలా పెట్టి, అర సెకనుకోసారి సరిచూస్తుంది. టీఎస్‌సీ దారి తప్పితే దాన్ని పక్కనపెట్టి మరోదానికి మారుతుంది. అన్ని మెషీన్లలోనూ ఈ కాపలా అక్కర్లేకపోవచ్చు, నమ్మదగ్గ టీఎస్‌సీ ఉన్న కొత్త ప్రాసెసర్ల మీద తర్వాతి కెర్నెళ్ళు దాన్ని సడలించాయి. కానీ నమ్మకం మొదట్లోనే ఇచ్చేది కాదు, సంపాదించుకునేది అన్నది ఈ కెర్నెల్ పద్ధతి.

ఇదంతా చూసి లినక్స్ రచయితలే అనుమానపు మనుషులనీ, ఎంఐటీ వాళ్ళు అమాయకులనీ తేల్చేస్తే అది తప్పు తీర్పు. 1991 సెప్టెంబరు నాటి లినక్స్ 0.01 మెయిన్ ఫంక్షన్ తీసి చూడండి. టైమ్ ఇనిట్, టీటీవై, ట్రాప్, షెడ్యూలర్, బఫర్లు, హార్డ్ డిస్క్, ఇంటరప్ట్‌లు వదలడం, యూజర్ మోడ్‌కు వెళ్ళడం. ఎక్స్‌వీ6 అంత చిన్నది, అంత శుభ్రమైనది. టైమర్‌కు కావలసిన సంఖ్య నేరుగా రాసేసి ఉంది, ఎందుకంటే అప్పుడు టోర్వాల్డ్స్ ముందున్నది ఒకే రకం మెషీన్. అనుమానం మనిషి స్వభావం నుంచి రాలేదు, మెషీన్ల సంఖ్య నుంచి వచ్చింది. మరోవైపు ఎక్స్‌వీ6 కూడా ఒకచోట మహా అనుమానంగా ఉంటుంది. ఎక్స్86 రూపంలో సీమాస్ అనే బ్యాటరీ గడియారం చదివే ఫంక్షన్, తేదీ సమయం ఒకసారి చదివి, వెంటనే మళ్ళీ చదివి, రెండూ ఒకటైతేనే తీసుకుంటుంది. చదివే మధ్యలో సెకను మారిపోతే 9:59 కాస్తా 9:00గానో 10:59గానో కనిపించే ప్రమాదం ఉంది మరి. 0.01 లినక్స్ కూడా అచ్చం ఇలాగే సెకన్లు మారాయేమో మళ్ళీ చూసుకుంది. అనుమానం తప్పదన్నచోట ఇద్దరూ ఒకటే. ఎక్కడ తప్పదు అన్నదే తేడా.

నా దృష్టిలో ఈ పోలికలో అసలు విషయం ఇంకా లోపల ఉంది. గడియారం చేసే పనులు రెండు: ఇప్పుడెంతైంది అని అడిగితే చెప్పడం ఒకటి, ఫలానా సమయానికి లేపమంటే లేపడం రెండోది. ఎక్స్‌వీ6లో ఈ రెండూ ఒకే టిక్‌లో కలిసిపోయాయి. టైమర్ ఇంటరప్ట్ వస్తే సున్నా నంబరు ప్రాసెసర్ టిక్స్ అనే లెక్కకు ఒకటి కలుపుతుంది, నిద్రపోతున్నవాళ్ళను లేపుతుంది, నడుస్తున్న ప్రాసెస్ చేత ప్రాసెసర్ వదిలిస్తుంది. సమయం అంటే వచ్చిన ఇంటరప్ట్‌ల సంఖ్య, అంతే. ఒక ఇంటరప్ట్ ఆలస్యమైనా, తప్పిపోయినా అంత కాలం ఆ కెర్నెల్ జీవితంలోంచి పోయినట్టే. లినక్స్ కూడా చాలా ఏళ్ళు ఇంచుమించు ఇలాగే బతికింది. 2006లో 2.6.16లో హై రిజల్యూషన్ టైమర్లు, 2007లో 2.6.21లో క్లాక్ ఈవెంట్ల యంత్రాంగం వచ్చాక, థామస్ గ్లైక్స్‌నర్, జాన్ స్టల్ట్స్ తదితరుల పనితో రెండూ విడిపోయాయి. చెప్పే గడియారం వేరు, లేపే గడియారం వేరు. విడిపోయాకే ఖాళీగా ఉన్న ప్రాసెసర్‌ను ఊరికే టిక్ టిక్‌మని లేపకుండా వదిలేయడం సాధ్యమైంది. టిక్‌లు ఆగినా సమయం ఆగదు, ఎందుకంటే సమయాన్ని లెక్కపెట్టేది టిక్‌లు కావు. ఫోన్ బ్యాటరీ రాత్రంతా నిలబడడంలో ఈ విడాకులకు వాటా ఉంది.

ఎక్స్‌వీ6 రిస్క్-ఫైవ్ రూపం మీద నా పెద్ద అసంతృప్తి ఇక్కడే. ఆ హార్డ్‌వేర్‌లో ఈ విభజన పుట్టుకతోనే ఉంది. నడుస్తూ పోయే సంఖ్య ఒక రిజిస్టర్‌లో, లేపాల్సిన సంఖ్య ఇంకో రిజిస్టర్‌లో. పాఠం బల్ల మీద పెట్టినట్టుంది. అయినా కెర్నెల్ ప్రతి పదో వంతు సెకనుకూ ఒకటి కలుపుకుంటూ, నడిచే సంఖ్యను చదవగలిగి కూడా సమయం కోసం దాన్ని అడగదు. విద్యార్థికి ఈ తేడా చెప్పడానికి ఇరవై లైన్లు చాలు. చిన్నగా ఉండాలన్న నియమం మంచిదే, కానీ విషయాన్నే దాచేసే చోట ఆ నియమాన్ని సడలించాలి.

ఇక గోడ మీద గడియారం సంగతి. ఇది మన వైపు వాళ్ళకు మరీ దగ్గరది. ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ వేసుకున్న పిల్లలందరికీ తెలుసు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్తే టైం ఐదున్నర గంటలు తేడా వస్తుంది. మదర్‌బోర్డు మీది బ్యాటరీ గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది, యూటీసీ అని లినక్స్ అనుకుంటుంది. బూట్ అయ్యేటప్పుడు లినక్స్ కాలాన్ని లెక్కగట్టే భాగం ఆ గడియారాన్ని చదివి అక్కడినుంచి మొదలుపెడుతుంది. మన టైం యూటీసీకి ఐదున్నర గంటలు ముందన్న సంగతిని అది అంకగణితంలో కలపదు, ఆ పని యూజర్ ప్రోగ్రాములకు వదిలేసింది. టైమ్‌జోన్ల డేటాబేస్‌లో ఆసియా కోల్‌కతా పేరుతో ఉన్న వరస చదివితే, 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం రాకముందు నడిచిన మద్రాసు కాలం కూడా అందులో ఉంటుంది, యూటీసీకి 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు ముందని. నరసాపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల సంగతి అది. సూర్యుడి లెక్కన చూస్తే 82 డిగ్రీల 30 నిమిషాల రేఖకు పడమర ఉన్న నరసాపురం, ప్రామాణిక కాలానికి మూడు నిమిషాల చిల్లర వెనక ఉంటుంది. ఈ లెక్కలేవీ కెర్నెల్‌లోకి రానివ్వకపోవడం లినక్స్ తీసుకున్న సరైన నిర్ణయాల్లో ఒకటి. ఎక్స్‌వీ6 ఇంకా ముందుకు పోయి గోడ గడియారాన్నే మానేసింది. చదివే ఫంక్షన్ రాసి ఉంచి, దానికి సిస్టం కాల్ కలిపే పనిని విద్యార్థులకు హోంవర్క్‌గా ఇచ్చింది. ఆ హోంవర్క్ చేసినవాళ్ళకు ఈ పేరా చెప్పాల్సిన పని ఉండదు.

ఈ వివరాలు ల్యాబ్ దాటి ఎక్కడికి వస్తాయో చెప్పాలంటే రొయ్యల చెరువు చాలు. చెరువులో ఆక్సిజన్ తెల్లవారే ముందు అట్టడుగుకు పడుతుంది, ఏరేటర్లు ఏ వేళకు తిప్పాలన్నది రైతుకు ప్రాణప్రదమైన లెక్క. ఆ ఆక్సిజన్‌ను రాత్రంతా రాసిపెట్టే రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు అక్కడ పెట్టారనుకుందాం. 2023లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 5కు ముందు ఆ వరసలోని బోర్డుల మీద బ్యాటరీ గడియారమే లేదు. రెండింటికి కరెంటు పోయి మూడింటికి వచ్చి, నెట్ అందకపోతే, ఆఖరిసారి దాచుకున్న సమయం నుంచే బోర్డు మొదలవుతుంది. రీడింగులు బాగానే ఉంటాయి, పక్కన రాసిన గంటలు తప్పుతాయి. నాలుగింటి పతనం మూడింటిదిగా నమోదవుతుంది. కెర్నెల్ మొదటి సెకనులో సమయం ఎక్కడినుంచి తెచ్చుకుందో తెలిసిన ఇంజనీరు, బూట్ అయ్యాక గడిచిన కాలాన్ని కూడా పక్కన రాయిస్తాడు, నెట్ వచ్చాక వెనక్కి లెక్కకట్టి సరిదిద్దుతాడు. ఎక్స్‌వీ6 ఒక్కటే చదివినవాడికి ఈ ఆలోచన రావడం కష్టం. లినక్స్ వాడినా దాని ప్రారంభం చదవనివాడికీ కష్టమే.

కాబట్టి నా తీర్పు ఇద్దరిలో ఒకరికి పట్టం కట్టేది కాదు, అలాగని చెరి సగం పంచేదీ కాదు. వరస నేర్పడంలో ఎక్స్‌వీ6కు సాటి లేదు, లినక్స్‌తో మొదలుపెట్టిన విద్యార్థి పిలుపుల జాబితాలో దారి తప్పుతాడు. కాలం అంటే ఏమిటో నేర్పడంలో మాత్రం ఎక్స్‌వీ6 విఫలమైంది, ఆ పని లినక్స్‌దే. మా వైపు కాలేజీల్లో ఎవరైనా ఈ పాఠం చెబితే, స్టార్ట్ కెర్నెల్ మొత్తం చదివించవద్దని నా మనవి. ఎక్స్‌వీ6 మెయిన్ పూర్తిగా, లినక్స్ నుంచి చెక్ టైమర్, ఏపిక్ కొలత, 0.01 మెయిన్ ఫంక్షన్. ఈ నాలుగూ పక్కపక్కన. ఒక సెమిస్టరుకు అది చాలు.

దానికో అభ్యాసం కూడా జోడించవచ్చు. లినక్స్ జిఫీస్ లెక్కను సున్నాతో మొదలుపెట్టదు. మైనస్ ఐదు నిమిషాల దగ్గర మొదలుపెడుతుంది. 32 బిట్ల లెక్క నిండి మళ్ళీ సున్నాకు తిరగడం, సెకనుకు 100 టిక్‌లైతే, మామూలుగా 497 రోజులకు గానీ జరగదు. అంతకాలం నడిచాక బయటపడే తప్పులను ఎవరు వేచి చూసి పట్టుకుంటారు? అందుకే ప్రతి బూట్‌లోనూ ఐదో నిమిషానికి ఆ తిరుగుడు జరిగేలా కావాలనే పెట్టారు. ఎక్స్‌వీ6 రిస్క్-ఫైవ్ రూపంలో టిక్స్ సున్నాతో మొదలవుతుంది. ఒక్క లైను మార్చి, మైనస్ 3000తో మొదలుపెట్టి, సెకనుకు పది టిక్‌ల లెక్కన ఐదు నిమిషాలు క్యూఈఎంయూలో నడిపి, తిరిగే క్షణానికి కాస్త ముందు ఒక ప్రాసెస్‌ను నిద్రపుచ్చి చూడమనండి. అది సరిగ్గా సమయానికే లేస్తుంది. స్లీప్ ఫంక్షన్ ఇంత అంకె దాటిందా అని చూడదు. ఇప్పటి టిక్స్‌లోంచి మొదటి టిక్స్ తీసేసి, ఆ తేడానే చూస్తుంది, గుర్తు లేని పూర్ణాంకాల్లో తేడా తిరుగుడుకు చెక్కుచెదరదు. జిఫీస్‌లను పోల్చడానికి లినక్స్ రాసుకున్న మాక్రోలు ఆధారపడేదీ సరిగ్గా ఆ తీసివేత మీదే.